కిరండూల్ బండిలో ఒక రోజు

విశాఖలో నాది ఒంటి గది. మంచం వేస్తే బల్లకు చోటుండదు. సెలవు దొరికితే అందులో కూర్చోలేక ఒక్కణ్ణే పొద్దున కిరండూల్ బండి ఎక్కి, రాత్రికి తిరిగివస్తుంటాను.

ఈ లైను షికార్ల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి, జపానుకు ఎగుమతి చేయడానికి 1960 దశకంలో కొండలు తొలిచి వేశారు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. సొరంగాలు లెక్కపెట్టబోయేవారే గాని, లెక్క పూర్తిచేసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు!

జనమంతా బొర్రాలో దిగి గుహలకు పోతారు. విద్యార్థులు చూడవలసింది చుట్టుపక్కల ఊళ్లను కూడా. అక్కడి భూముల్లో ఖనిజం తవ్వుకోమని సర్కారు గిరిజనేతరులకు లీజులిచ్చింది. ఏజెన్సీలో ఏ వ్యక్తీ గిరిజనేతరులకు భూమి బదలాయించరాదని 1970లో సవరించిన నిబంధన చెబుతోంది కదా, మరి సర్కారు 'వ్యక్తి' అవుతుందా? అవుతుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లీజులు చెల్లవంది. అంత కథా ఒక్క మాట అర్థం మీద నడిచింది.

గుంపుతో వెళ్లినప్పుడు ఫొటోలు దిగి వచ్చేశాం, ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒంటరిగా వెళితే పక్కవారితో మాట కలపక తప్పదు. వీలైతే అరకు సంత రోజున వెళ్లండి. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు ఒకే బేరంలో వినిపిస్తాయి.