సున్నంకట్టు బూజుకి ఇనుము ఎట్లా దొరుకుతుంది?

వానలు, చలి మొదలైతే మన షెడ్లల్లో సున్నంకట్టు భయం కూడా మొదలే. పొడులు చల్లడం మనకి తెలుసు. ఆ పొడి ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చెయ్యదు అనేది తెలియాలంటే బూజు లోపలి సంగతి కొంచెం చూడాల.

ఈ రోగం బూజు వల్లే అని 1835లో ఇటలీలో అగోస్టినో బస్సి చూపించాడు. ఆయన పేరుమీదే దానికి బ్యూవేరియా బాసియానా అని పేరు. దాని బీజం పురుగు తోలుకి అంటుకుని, తేమ దొరికితే మొలకెత్తి, తోలు కరిగించుకుంటూ లోపలికి దూరుతుంది.

లోపల పెరగాలంటే దానికి ఇనుము కావాల. పురుగేమో తన రక్తంలోని ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీనుకి కట్టేసి పెట్టుకుంటుంది, విడిగా దొరకనివ్వదు. అందుకని బూజు ఇనుమును లాక్కొచ్చే పదార్థాలను బయటికి వదులుతుంది. ఇంకా సి.ఎఫ్.ఇ.ఎం. అనే జాతి ప్రోటీన్లు కూడా దానికి ఉన్నాయి. మనుషులకి వచ్చే కాండిడా బూజులో వీటి పని బాగా తేలింది. రక్తంలోని హీమ్ అనే ఇనుమున్న పదార్థాన్ని గోడ దగ్గర ఒక ప్రోటీను పట్టి లోపలిదానికి అందిస్తుంది, మిద్దెకి మౌల్డింగ్ వేసేటప్పుడు కూలోళ్ళు బొచ్చెలు చేతులు మార్చినట్టు. మన బ్యూవేరియాలో ఇట్లాంటివి కొన్ని తీసేసి చూస్తే దానికి ఇనుము అందడం తగ్గింది.

అయితే తోటకి ఇనుము మందు కొట్టకూడదా? ఆకు పసుపుబారితే కొట్టాల్సిందే. పాలిపోయిన ఆకు తిన్న పురుగు రోగానికి ముందు లొంగేది. రాగి బూజుకి విషం కదా అని మాత్రం మైలుతుత్తం కొట్టిన ఆకు మేపొద్దు. రాగి పురుగుకీ విషమే.

ఈ ఇనుము పోట్లాటంతా తోలు లోపల. మనం చల్లే పొడి తోలు మీదే ఉండిపోతుంది. బూజు లోపలికి పోయినాక ఎంత చల్లినా ఆ పురుగు దక్కదు. అందుకే జ్వరం లేచిన వెంటనే, మేత వెయ్యకముందే చల్లాల. మోతాదు మీ పట్టు శాఖ వాళ్ళని అడగండి. పెద్ద పురుగుకి షెడ్డులో తేమ 65–70 శాతం దాటనివ్వకండి. పడక తడిగా ఉంటే సున్నం చల్లి ఆరనివ్వండి.

చచ్చిన పురుగు ముందు మెత్తగా ఉండి, తర్వాత గట్టిపడి, ఆ పైన తెల్లబడుతుంది. తెల్లబడిందంటే బీజాలు వచ్చేసినట్టే, గాలికి పక్క తట్టలకి పోతాయి. గట్టిపడ్డప్పుడే పుల్లతో ఏరి కాల్చెయ్యండి. ఏరినాక చేతులు కడక్కుండా ఆకు ముట్టొద్దు.