ఒక యాప్ డేటాని ఇంకో యాప్ చదవకుండా ఆపేది ఎవరు? మెల్ట్‌డౌన్ చెప్పే పాఠం

సైబర్ సెక్యూరిటీలోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని జూనియర్లు అడుగుతుంటారు. హ్యాకింగ్ టూల్స్ తర్వాత చూసుకోవచ్చు, ముందు బీటెక్‌లో పరీక్ష ముందు రాత్రి చదివి వదిలేసే రెండు సబ్జెక్టులు మళ్లీ తియ్యమంటాను: కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్. ఎందుకో ఒక్క ఉదాహరణతో చూద్దాం.

మీ ఫోన్‌లో బ్యాంక్ యాప్ ఉంది. ఎవరో పంపిన లింక్ నుంచి దించుకున్న గేమ్ కూడా ఉంది. రెండూ నడిచేది ఒకే ప్రాసెసర్ మీద, రెండింటి డేటా ఉండేది ఒకే ర్యామ్‌లో. మరి మీరు బ్యాంక్ యాప్‌లో కొట్టిన పిన్‌ని ఆ గేమ్ ర్యామ్‌లోంచి ఎందుకు చదువుకోలేకపోతోంది?

మొదటి గోడ: వర్చువల్ మెమరీ

ఏ యాప్‌కీ ర్యామ్ అసలు అడ్రస్‌లు తెలియవు. ప్రతి ప్రాసెస్‌కీ ఆపరేటింగ్ సిస్టమ్ ఒక పేజ్ టేబుల్ ఇస్తుంది. యాప్ వాడే వర్చువల్ అడ్రస్ ర్యామ్‌లో ఎక్కడుందో ఆ టేబుల్ చెబుతుంది. ప్రాసెసర్‌లోని ఎంఎంయూ అనే భాగం ప్రతిసారీ అది చూసి అడ్రస్ మారుస్తుంది. సాధారణంగా ఒక పేజీ 4 కేబీ. ఆండ్రాయిడ్ 15 నుంచి 16 కేబీ పేజీలకూ సపోర్ట్ వచ్చింది. గేమ్ టేబుల్‌లో బ్యాంక్ యాప్ పేజీలు ఉండవు కాబట్టి, వాటిని అడగడానికి గేమ్ దగ్గర అడ్రస్సే లేదు.

రెండో గోడ: కెర్నల్ మోడ్

మరి ఆ టేబుల్‌నే గేమ్ మార్చేస్తే? కుదరదు. యాప్‌లు నడిచేది యూజర్ మోడ్‌లో. టేబుల్ మార్చే అధికారం కెర్నల్ మోడ్‌లో ఉన్న కోడ్‌కే ఉంటుంది. ఇంటెల్ వాళ్లు వీటిని రింగ్ 3, రింగ్ 0 అంటారు, ఆర్మ్ చిప్‌లలో ఈఎల్0, ఈఎల్1. ఫైల్ తెరవాలన్నా, నెట్‌వర్క్ వాడాలన్నా యాప్ సిస్టమ్ కాల్ ద్వారా కెర్నల్‌ని అడగాల్సిందే.

ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. సిస్టమ్ కాల్స్ వేగంగా జరగాలని, 2018కి ముందు లినక్స్‌లో కెర్నల్ మెమరీని కూడా ప్రతి ప్రాసెస్ పేజ్ టేబుల్‌లోనే పెట్టేవాళ్లు. అడ్రస్ ఉంటుంది కానీ "యూజర్ మోడ్‌కి అనుమతి లేదు" అని ఒక బిట్ సెట్ చేసి ఉంటుంది. ఆ బిట్‌ని ప్రాసెసర్ కచ్చితంగా చూస్తుందని అందరి నమ్మకం.

గోడకి బీట ఎక్కడ పడింది?

ప్రాసెసర్ చూస్తుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. వేగం కోసం ఇప్పటి చిప్‌లు ఇన్‌స్ట్రక్షన్లని వరసలో కాకుండా, వీలైనవి ముందే చేసేస్తాయి. దీన్నే ఔట్ ఆఫ్ ఆర్డర్ ఎగ్జిక్యూషన్ అంటారు. అనుమతి లేదని తర్వాత తేలితే ఫలితాన్ని పారేస్తాయి. రిజిస్టర్లు మళ్లీ పాత స్థితికి వస్తాయి. కానీ క్యాష్‌లోకి వచ్చిన డేటా మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఉంటే ఏమైంది అంటారా? కిరాణా షాపు గుర్తుతెచ్చుకోండి. గోడౌన్‌లో ఉండే సరుకు అడిగితే ఐదు నిమిషాలు పడుతుంది. మీరు అడగ్గానే కౌంటర్ మీద నుంచే తీసిచ్చాడంటే, ఇంతకుముందే ఎవరో అది తెప్పించారన్నమాట. క్యాష్ కూడా అంతే. ఎల్1 క్యాష్ నుంచి డేటా నాలుగైదు సైకిళ్లలో వస్తుంది, ర్యామ్ నుంచి రావాలంటే వంద సైకిళ్లు దాటుతుంది.

2018 జనవరి 3న బయటపడిన మెల్ట్‌డౌన్ చేసేది ఇదే. దాడి చేసే ప్రోగ్రామ్ 256 పేజీల అర్రే ఒకటి పెట్టుకుని, దాన్ని క్యాష్‌లోంచి ఖాళీ చేస్తుంది. తర్వాత కెర్నల్ మెమరీలో ఒక బైట్ చదవబోతుంది. అనుమతి లేదని ప్రాసెసర్ ఆపేలోపే, ఆ బైట్ విలువ ఎంతో అన్నో నంబర్ పేజీని ముట్టుకుంటుంది. ఆ తర్వాత 256 పేజీలనీ ఒక్కొక్కటిగా చదివి టైమ్ కొలుస్తుంది. 83వ నంబర్ పేజీ తొందరగా వచ్చిందంటే, రహస్య బైట్ విలువ 83. లినక్స్ కెర్నల్ దాదాపు మొత్తం ర్యామ్‌నీ తన అడ్రస్‌లలో మ్యాప్ చేసుకుంటుంది కాబట్టి, పక్క ప్రాసెస్ పాస్‌వర్డ్‌లూ అలాగే బయటికొస్తాయి. ఇందులో ఏ యాప్‌లోనూ బగ్ లేదు, అందుకే యాంటీవైరస్‌కి దీన్ని పట్టుకోవడం కష్టం.

దీనికి లినక్స్ 4.15లో కేపీటీఐ అనే పరిష్కారం వచ్చింది. యూజర్ మోడ్‌కి వేరే పేజ్ టేబుల్ ఇచ్చి, కెర్నల్ అడ్రస్‌లని అందులోంచి దాదాపు పూర్తిగా తీసేశారు. కాకపోతే ప్రతి సిస్టమ్ కాల్‌కీ టేబుల్ మార్చాలి, కాబట్టి డేటాబేస్‌ల లాంటి పనులు కొంత నెమ్మదించాయి. యాపిల్ వాళ్లు ఐఓఎస్ 11.2లోనే దీనికి రక్షణలు పెట్టారు.

మన ఫోన్ల సంగతి

మెల్ట్‌డౌన్ ఎక్కువగా తగిలింది ఇంటెల్ చిప్‌లకి. ఏఎండీ చిప్‌లకి తగల్లేదు. ఆర్మ్ డిజైన్లలో కార్టెక్స్ ఏ75 కి తగిలింది. కానీ మనవాళ్లు తెగ కొన్న రెడ్‌మీ నోట్ 4 లోని స్నాప్‌డ్రాగన్ 625 ని తీసుకోండి. అందులో ఎనిమిదీ కార్టెక్స్ ఏ53 కోర్‌లే. అవి ఇన్‌స్ట్రక్షన్లని వరసలోనే చేసే సింపుల్ కోర్‌లు, ఆర్మ్ ఇచ్చిన ప్రభావిత లిస్ట్‌లో ఏ53 లేదు. బెంచ్‌మార్క్‌లో వెనకబడ్డ చిప్పే ఈ ఒక్క విషయంలో సేఫ్!

అలాగని పాత ఫోన్లు కొనమని కాదు. వేగం కోసం చిప్‌లో వేసే ప్రతి అడ్డదారికీ సెక్యూరిటీ లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క చూడాలంటే పేజ్ టేబుల్, మోడ్‌లు, క్యాష్ మూడూ తెలిసి ఉండాలి. చిప్‌ని ఫోన్‌లోంచి తీసి మార్చలేం, కాబట్టి ఇలాంటి లోపాలకి మనకి అందే మందు అప్‌డేట్లే. ఫోన్ కొనేముందు స్కోర్‌తో పాటు ఎన్నేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారో కూడా చూడండి.

ఇప్పుడే చేయగలిగిన పని ఒకటి. ఇంటెల్ లేదా ఏఎండీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టండి. చివర్లో వల్నరబిలిటీల లిస్ట్ వస్తుంది. మెల్ట్‌డౌన్ పక్కన "నాట్ ఎఫెక్టెడ్" అని ఉందా, "మిటిగేషన్: పీటీఐ" అని ఉందా? మొదటిదైతే మీ చిప్‌కి ఈ లోపం లేదు, రెండోదైతే పైన చెప్పిన రెండో పేజ్ టేబుల్ మీ మెషీన్‌లో ఈ క్షణం పనిచేస్తోంది. ఏది వచ్చిందో కామెంట్‌లో చెప్పండి.