ఇల్లయిన పడవ

పిల్లలూ! గోదావరి రేవులో లాంచీని మీరు చూచి ఉంటారు. అది ముసలిదైతే ఏమవుతుంది? సాధారణంగా తుక్కు అవుతుంది. అలా కావలసిన పడవ ఒకటి అమెరికాలో ఇల్లయింది.

దానిని 1879లో పోర్ట్‌లాండ్‌లో కట్టారు. ఆ ఆవిరి పడవ పేరు వలేహో. కాలిఫోర్నియాలో, అదే పేరుగల పట్టణం నుండి మేర్ ద్వీపానికి జనాన్ని దాటించేది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక దానితో పని తీరిపోయింది. 1949లో జాన్ వర్దా, గోర్డన్ ఆన్‌స్లో ఫోర్డ్ అనే చిత్రకారులు దానిని కొని సాసలీటో తీరానికి చేర్చారు. వర్దా ఇరవై ఏళ్ళకు పైగా అందులోనే ఉన్నాడు. 1961లో అలన్ వాట్స్ అనే రచయిత కూడా వచ్చి చేరాడు.

పాత పడవలో కాపురం పెట్టేవారు మొదట దేనిని చూస్తారు? వంటగదిని కాదు, అడుగుభాగాన్ని! చెక్క పడవ అయితే పలకల సందులలో పీచు కూరి, పైన తారువంటిది పూస్తారు. వింత ఏమంటే, చెక్కను కుళ్ళబెట్టేది సముద్రం కంటె వాననీరే. ఉప్పు తగిలినచోట బూజు అంత త్వరగా పట్టదు. కప్పు నుండి కారిన వాన మాత్రం లోలోపలే చెక్కను తినివేస్తుంది.

ఆటుపోట్లకు పడవ లేస్తుంది, దిగుతుంది. అందుచేత ఒడ్డు నుండి వచ్చే నీటి గొట్టాన్ని, కరెంటు తీగను వదులుగా ఉంచాలి. బిగిస్తే తెగుతాయి. బరువైన బీరువాలన్నీ ఒకే ప్రక్క పెట్టారా, ఇల్లే ఒరుగుతుంది!