వెలుపలి గోడల రంగు: పొక్కులు, పెచ్చులు, బూజు

ఇంటి మరమ్మతుకని తీసుకున్న రుణంలో మొదటి సొమ్ము రంగు డబ్బాలకు పోరాదు. రంగు చెడుట చాలావరకు గోడ జబ్బే గాని రంగు జబ్బు కాదు.

ఆస్టినాబాద్ దక్షిణ అండమాన్‌లో, 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ చెంతనే ఉన్నది. ఇక్కడ ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపుల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఉప్పుగాలి తెలిసినదే. ఎనిమిది నెలలు విడవని తడి మాత్రం వేరు. సంక్రాంతికని డిసెంబరులో తొందరపడి రంగు వేయించడం ఇక్కడ నష్టపు బేరమే. జనవరి చివరి నుండి ఏప్రిల్ వరకు అనువైన కాలం.

పొక్కులు లేచినచోట ఒకదానిని చాకుతో కోసి చూడండి. వెనుక వట్టి గిలాబా కనిపిస్తే తేమ గోడలోపలి నుండి వచ్చినట్లు ఎంచవచ్చు. పాత రంగే కనిపిస్తే, కాగిన గోడపైననో, ఆరని పూతపైననో రంగు వేసి ఉంటారు. సందేహమైతే అడుగు చదరపు పాలిథీన్ కాగితాన్ని నలువైపులా టేపుతో అంటించి మరునాడు విప్పండి. లోపల నీటి బిందువులుంటే రంగు పని ఆపి, తడి ఎక్కడిదో వెదకండి: సన్‌షేడ్ పగులు, రేకుల అంచు, కారే గొట్టం, గోడ మొదట నిలిచే నీరు.

గోడలోనుండి పొంగిన తెల్లని ఉప్పును పొడి బ్రష్‌తోనే రాల్చాలి. నీళ్లు పోస్తే కరిగి తిరిగి లోపలికే ఇంకుతుంది. సముద్రపు ఇసుకను కడగకుండా వాడిన గిలాబాకు ఈ బాధ తరచు. మళ్లీ మళ్లీ పొంగితే ఆ మేరకు గిలాబా తీసివేయక తప్పదు. గాలి తెచ్చిన ఉప్పు అలా కాదు, పైపైనే ఉంటుంది గనుక మంచినీటితో కడిగితే పోతుంది.

నల్లని మచ్చపై బ్లీచింగ్ ద్రవం ఒక చుక్క వేయండి. వెలిస్తే బూజు, వెలవకుంటే మురికి. బూజైతే ఒక పాలు ద్రవానికి మూడు పాళ్లు నీరు కలిపి పూసి, పావుగంట తరువాత తోమి కడగాలి. దానిలో యాసిడ్ ఎన్నడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది.

పాత రంగు గీకేటప్పుడు గోడను తడిపి గీకించండి, పిల్లలను దూరముంచండి. ఇంటి రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నియమం 2017 నవంబరు నుండి అమలైనది. అంతకు పూర్వపు పూతల్లో ఎక్కువే ఉండవచ్చు.

అరచేతికి తెల్లపొడి అంటే గోడకు, కడిగి ఆరనిచ్చి, ప్రైమర్ వేయనిదే కొత్త రంగు పట్టదు. కొత్త గిలాబాకు 28 రోజులైనా గడువివ్వండి. సిమెంటు క్షారాన్ని తట్టుకొనే ప్రైమర్‌నే అడిగి కొనండి.