సూది వేసిన చోట గడ్డ కడితే



ఈ నెల గోడపత్రికకి ఆరోగ్యం గురించి ఒక పాఠం రాయమని సైన్సు మేడం గారు నాకు చెప్పారు. మొదట విటమిన్ల గురించి రాద్దామనుకున్నాను. అది పుస్తకంలోనే ఉంది, చూసి రాసేయొచ్చు. కాని దసరా సెలవుల్లో మా ఇంట్లో జరిగినది రాస్తే మీకు ఎక్కువ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

మా ఊళ్లో సూది వేస్తేనే మందు. ఆశా అక్క మాత్రలిస్తే మా మామ్మ "ఈ గింజలకి జొరం ఎక్కడ దిగుద్దే" అంటుంది. మన హాస్టల్లో మాత్రం తక్కువా? జ్వరం రాగానే సూది వేయమని మనమే బతిమాలుతాము. నేను 7వ తరగతిలో బతిమాలాను, ఏడ్చాను కూడా.

మా నాన్నకి మూడు రోజులు చలిజ్వరం వచ్చింది. సంతరోజున నేను, నాన్న కొండ దిగి వెళ్లాము. సంతలో ఒకాయన బల్ల మీద మందుల పెట్టె పెట్టుకుని సూదులు వేస్తాడు. అందరూ డాక్టరు బాబు అంటారు గాని ఆయన డాక్టరు చదువు చదవలేదు. నాన్న రక్తం చూడలేదు. కొత్త సిరంజి కవరులో ఉంటుంది, మన కళ్ల ముందు చింపి తీయాలి. ఆయన ఏమీ చింపలేదు. నాన్న కంటే ముందు ఒక ముసలాయనకి వేసిన సిరంజినే వేడినీళ్ల గ్లాసులో ఒకసారి ముంచి, మళ్లీ మందు ఎక్కించాడు. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడరాదని సైన్సు మేడం గారు మాకు 8వ తరగతిలోనే చెప్పారు. మాట నా నోటిదాకా వచ్చింది. ఇంతమందిలో అడిగితే ఆయన తిడతాడేమో, నాన్న పరువు పోతుందేమో అని ఊరుకున్నాను. కుడి పిర్ర మీద సూది వేశాడు. కోడిని అమ్మిన డబ్బుల్లోంచి 100 రూపాయలు ఇచ్చి వచ్చేశాము.

ఆ సాయంత్రం చెమట పట్టి జ్వరం దిగింది. మామ్మ "సూసినావా" అంది. మర్నాడు మళ్లీ వణుకు. ఎందుకంటే కొన్ని సూదులు జ్వరాన్ని, నొప్పిని కొన్ని గంటలు తగ్గిస్తాయి. లోపల ఉన్న మలేరియా క్రిమి మాత్రం అలాగే ఉంటుంది. మామూలు మలేరియాకి మాత్రలే సరైన మందు. తెలివి తప్పినప్పుడు, మాత్ర మింగలేనప్పుడు, బాగా ముదిరినప్పుడు ఆసుపత్రిలో సూది వేస్తారు. ఇది నాకు తరువాత తెలిసింది.

ఇక గడ్డ సంగతి. సూది వేసిన చోట ఒకటి రెండు రోజులు కొంచెం నొప్పి ఉండడం మామూలే. ఆ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. నాన్నకి మూడో రోజు నుండి పెరిగింది. ఆ చోట ఎర్రగా అయ్యి, చెయ్యి పెడితే కాలింది. మొదట రాయిలాగా గట్టిగా ఉంది, తరువాత మధ్యలో మెత్తబడింది. మెత్తబడితే లోపల చీము పట్టిందన్న మాట. మామ్మ ఆముదపాకు వేడి చేసి గట్టిగా రుద్దింది. బాబాయి ముల్లుతో పొడిచాడు, రెండు బొట్లు వచ్చి ఆగిపోయింది. ఇద్దరూ ప్రేమతోనే చేశారు. అయినా రెండూ చేయకూడని పనులు. రుద్దినా, నొక్కినా, పొడిచినా లోపలి చీము పక్క కండలోకి, రక్తంలోకి పోవచ్చును.

నేను చేసినది ఒక్కటే. నా బాల్‌పెన్నుతో ఎరుపు అంచు చుట్టూ గీత గీశాను. మా మేడం గారు ఒకసారి చెప్పింది గుర్తొచ్చింది. తెల్లారి చూస్తే ఎరుపు గీత దాటి రెండు వేళ్లు బయటికి వచ్చేసింది. ఆ గీత చూపించాక ఇంట్లో అందరూ నమ్మారు. అంతకుముందు నేను ఎంత చెప్పినా "గుంటకేటి తెలుసు" అన్నారు. ఎరుపు గీత దాటినా, అక్కడి నుండి ఎర్రటి చార పైకి పాకినా, వణుకుతో జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. ఊపిరి తొందరతొందరగా తీస్తున్నా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా రక్తంలో విషం చేరుతోందని అర్థం. అప్పుడు గంటలు కూడా ఆగకూడదు, 108కి చెప్పాలి. మా ఊరికి బండి రాదు కాబట్టి నాన్నని డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకొచ్చారు. అక్కడి నుండి పాడేరు ఆసుపత్రికి. అప్పటికి సూది వేసి ఆరు రోజులు.

డాక్టరు గారు మత్తు ఇచ్చి కోస్తే టీ గ్లాసుకి సగం పైన చీము వచ్చింది. గాయాన్ని కుట్టలేదు. గుడ్డ దూర్చి రోజూ మార్చారు. ఎందుకు కుట్టలేదని అడిగాను. పైన మూసేస్తే లోపల మళ్లీ చీము పడుతుంది, అడుగు నుండి మానుకుంటూ రావాలి అన్నారు. వేలి రక్తం చూసి మలేరియా అని మాత్రలు ఇచ్చారు. జ్వరం పోయింది.

అక్కడి నర్సు అక్క నాకు ఇంకా రెండు సంగతులు చెప్పింది. పిర్ర మీద ప్లస్ గుర్తు గీసినట్టు అనుకుంటే నాలుగు భాగాలు వస్తాయి. పైన, బయటివైపు ఉన్న భాగంలోనే సూది వేయాలి. మిగతాచోట పెద్ద నరం ఉంటుంది. సూది దానికి తగిలితే కరెంటు కొట్టినట్టు కాలి కిందదాకా జిల్లుమంటుంది, తరువాత పాదం పైకి లేవదు, నడిస్తే ఈడుస్తుంది. "తిమ్మిరి, అదే పోతుంది" అని కూర్చోకుండా వెంటనే డాక్టరుకి చూపించాలి. మా పక్క ఊళ్లో ఒక అబ్బాయి అలా నడుస్తాడు. చిన్నప్పటి నుండీ పోలియో అనుకున్నాము. ఏమో మరి.

రెండోది, కొందరికి కొన్ని మందులు పడవు. సూది వేసిన కొద్ది నిమిషాల్లోనే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాయడం, గొంతు పట్టేయడం, కళ్లు తిరగడం వస్తాయి. అప్పుడు మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. లేపి నడిపించకూడదు. దానికి అడ్రినలిన్ అనే సూది తొడకి వేస్తే బతుకుతారు. అంటే సూది చెడ్డది కాదు. అందుకే సూది వేశాక అరగంట అక్కడే కూర్చోమంటారు. సంతలో ఆయన దగ్గర కూర్చోవడానికి చోటే లేదు.

గడ్డ కంటికి కనపడుతుంది కాబట్టి నయం. కనపడనివి హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. సూది బోలుగా ఉంటుంది, దానిలో మన కంటికి కనపడనంత రక్తం మిగులుతుంది. హెపటైటిస్ బి క్రిమి ఒంటి బయట కూడా ఏడు రోజులు బతకగలదు. వేడినీళ్లలో ఒకసారి ముంచితే చావదు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజిలే మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్ బి పాకి చాలామంది చనిపోయారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో చాలామందికి హెచ్.ఐ.వి. బయటపడింది. అక్కడ కూడా ఊళ్లు తిరిగి సూదులు వేసే ఒకాయన ఒకే సిరంజి వాడాడని చెప్పారు. మణిపూర్‌లో 1990 ప్రాంతంలో మత్తుమందు సూదితో ఎక్కించుకునే కుర్రాళ్లలో హెచ్.ఐ.వి. అలాగే పాకింది. ఒకే సూది పదిమంది పంచుకునేవాళ్లు. వాళ్లకీ మా నాన్నకి కట్టినట్టే గడ్డలు కడతాయట. సిగ్గుపడి, భయపడి ఆసుపత్రికి రారట. సూదికి మంచివాడు, చెడ్డవాడు తెలియదు కదా.

నర్సు అక్క నన్ను పక్కకి పిలిచి, సిరంజి కొత్తదేనా అని అడిగింది. అప్పుడు చెప్పాను. ఆమె తిట్టలేదు. హెచ్.ఐ.వి. రాకుండా 28 రోజులు వేసుకునే మాత్రలు ఉన్నాయి, కాని 72 గంటల లోపల మొదలుపెట్టాలి అంది. హెపటైటిస్ బి టీకా కూడా వీలైతే 24 గంటల లోపలే వేయించాలి అంది. మేము ఆరో రోజున వెళ్లాము. సంత నుండి తిన్నగా ఆసుపత్రికి వెళ్లి ఉంటే, లేకపోతే సంతలోనే నేను నోరు తెరిచి ఉంటే అని ఇప్పటికీ రాత్రి పడుకున్నప్పుడు అనుకుంటాను.

నోరు ఎలా తెరవాలో నర్సు అక్క నేర్పింది. కోపంగా అడగక్కరలేదు. "బాబూ, మాకు కొత్త సిరంజి మా ముందే చింపండి, డబ్బులు మేమే ఇస్తాం" అనాలి. ఇంకొకటి, "దీనికి మాత్ర లేదాండీ" అని అడగాలి. చాలా జ్వరాలకి మాత్ర ఉంటుంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు మామ్మతో ఈ రెండు మాటలు పదిసార్లు అనిపించాను. నవ్వుతూ అంది గాని అంది.

నాన్న గాయం మానింది. గుంట పడినట్టు మచ్చ ఉంది. పోడుకి వెళ్తున్నాడు. రక్తపరీక్ష అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి చేశారు, ఏమీ లేదన్నారు. కాని ఆ క్రిములు పరీక్షలో కనపడడానికి కొన్ని నెలలు పట్టవచ్చును కాబట్టి ఏప్రిల్‌లో మూడోసారి చేయాలి. నాన్నకి చదువు రాదు, చీటీ నేనే చదవాలి. ఆ ఒక్క రోజు సెలవు కోసం వార్డెన్ మేడం గారికి అర్జీ రాసి ఇచ్చాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని