పాఠం 18: చేతితో చేసిన టీ కూజా

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– మామూలు కుండకూ స్టోన్‌వేర్ పాత్రకూ తేడా చెప్పగలుగుతారు;
– టీ కూజాను పరీక్షించి ఎంచుకోగలుగుతారు.

18.1 ఆవకాయ జాడీ

మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉందా? వేలితో తట్టి చూడండి. తరువాత మంచినీళ్ళ కుండను తట్టండి. కుండ మొద్దుగా పలుకుతుంది, జాడీ ఖంగుమంటుంది. కుండ చెమరుస్తుంది కాబట్టే నీళ్ళు చల్లబడతాయి. జాడీలో ఏడాదంతా నూనె నిలవ ఉన్నా బయటికి ఊరదు.

ఈ తేడాకు కారణం మట్టి, మంట. కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా 1000 డిగ్రీల సెంటీగ్రేడుకు లోపే ఉంటుంది. జాడీకి తగిన మట్టిని 1200 నుంచి 1300 డిగ్రీల వరకు కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత భాగం కరిగి, గాజులా మారి, సన్నని రంధ్రాలను పూడ్చివేస్తుంది. ఇలా రాయిలా గట్టిపడిన పాత్రనే స్టోన్‌వేర్ అంటారు.

18.2 పుదుచ్చేరి కుండలు

యానాం వాసులకు పుదుచ్చేరి ప్రయాణాలు కొత్త కాదు. ఆ పట్టణంలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు అమెరికన్లు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని నెలకొల్పారు. డెబొరా జపాన్‌లో పని నేర్చుకున్నారు. బట్టీని సరుగుడు కట్టెలతో మండించేవారు. అక్కడ శిక్షణ పొందినవారిలో పలువురు తరువాత సొంత పనిశాలలు పెట్టుకున్నారు. రూపం ఆలోచించడం, సారె తిప్పడం, పూత కలపడం, కాల్చడం అన్నీ తామే చేసుకునే ఇటువంటి వారిని స్టూడియో కుమ్మరులు అంటారు.

పట్టణానికి దక్షిణాన ఉన్న ఉప్పళం పేరుకు తమిళంలో ఉప్పుమడి అని అర్థం. ఉప్పుకూ ఈ కళకూ చుట్టరికం ఉంది. బాగా వేడెక్కిన బట్టీలో ఉప్పు చల్లితే, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి గాజుపూత ఏర్పడుతుంది. పూత నారింజ తొక్కలా సన్నని గుంటలతో ఉంటుంది. మురుగునీటికి తాపీమేస్త్రీలు వేసే గోధుమరంగు స్టోన్‌వేర్ గొట్టాల పూత కూడా ఇదే. టీ తాగేటప్పుడు ఆ సంగతి గుర్తుచేసుకోనక్కరలేదు!

18.3 నాలుగు ముక్కల పాత్ర

గిన్నె ఒకే ముక్క. టీ కూజాకు కడుపు, కొమ్ము, పిడి, మూత వేరువేరుగా చేసి అమర్చాలి. ఆరి, కాలేసరికి మట్టి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది. ముక్కలు సమంగా కుంచించుకోకపోతే అతుకు పగులుతుంది. సారె మీద చేసిన కొమ్ము బట్టీలో కొద్దిగా మెలి తిరుగుతుంది కూడా. అందువల్లనే కుమ్మరి నేర్పు తెలియాలంటే ముందు కూజాను చూడమంటారు. దాని ధర గిన్నె ధర కంటే ఎందుకు ఎక్కువో కూడా ఇక్కడే తెలుస్తుంది.

సేకరించేవారు చాలామంది పూత రంగు చూసి మోసపోతారు. నా ఉద్దేశంలో రంగు చివర చూడవలసినది. ముందు నీళ్ళు అడిగి పోసి చూడండి. కొమ్ము చివర కూజా అంచుకంటే కిందికి ఉంటే, నిండకముందే కొమ్ములోంచి నీళ్ళు కారిపోతాయి. వంచి, చటుక్కున ఆపండి. చివరి బొట్టు కొమ్ము కిందికి జారితే అంచు సరిగా తెగలేదన్నమాట. మూత మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూసి వంచండి. మూత బాగా కుదిరితే ధార ఆగిపోతుంది. నిండు కూజాను ఒంటిచేత్తో ఎత్తినప్పుడు మణికట్టు నొప్పెడితే పిడి దూరంగా ఉన్నట్లు. కొమ్ము మొదట్లో, లోపల, ఆకు ఆపే రంధ్రాలున్నాయో లేదో చూడండి. అడుగున కుమ్మరి ముద్ర ఉంటే, కొన్న తేదీతో పాటు పుస్తకంలో రాసుకోండి.

ఇన్ని పరీక్షలు నెగ్గిన కూజానొకదాన్ని నేను ఒకే రోజులో పోగొట్టుకున్నాను. టీ చల్లారిందని దాన్నే గ్యాసు పొయ్యి మీద పెట్టాను. టప్పున అడుగు చీలింది. తప్పు కుమ్మరిది కాదు. మంట తగిలిన చోట అడుగు వ్యాకోచించింది, పక్కలు ఇంకా చల్లగానే ఉన్నాయి. స్టోన్‌వేర్ ఆ తేడాను తట్టుకోలేదు. కూజాలో టీ కాచరాదు. వేరే గిన్నెలో మరిగిన నీళ్ళు పోయాలి, అదీ కూజాను గోరువెచ్చని నీళ్ళతో తొలిచిన తరువాత.

మీరే చేసి చూడండి

ఇంట్లో కొమ్ముచెంబు గాని, కెటిల్ గాని తీసుకుని పై పరీక్షలలో మూడింటిని చేయండి. ఏది నెగ్గింది, ఏది ఓడింది, ఎందుకు? ఐదు వాక్యాలలో రాయండి.