కీళ్ల నిర్మాణము – వాని సంరక్షణము

బండి యిరుసునకు కందెన వేయుట, కాడి త్రాళ్లు తెగకమునుపే మార్చుట మన సభ్యులెల్లరకు తెలిసిన పనులే. అయితే ఏ పనిముట్టునైనను పట్టి పనిచేయునది దేహము. ఆ దేహమును వంచుటకును, త్రిప్పుటకును, లేపుటకును ఆధారమైనవి కీళ్లు. విరిగిన నాగలికి బదులు మరియొకటి చేయించుకొనవచ్చును. అరిగిన మోకాలికి శస్త్రచికిత్సచే కృత్రిమమైన కీలు నమర్చుట నేడు సాధ్యమే యైనను, అది మిక్కిలి వ్యయప్రయాసలతో గూడిన పని. కావున కీళ్లెట్లు నిర్మింపబడినవో, ఎట్లు చెడునో ప్రతి రైతును తెలిసికొనదగును.

దేహమును కట్టియుంచు పదార్థము

ఎదిగిన మనుష్యుని దేహమున సాధారణముగా 206 ఎముకలు కలవు. ఇవి విడిపోకుండ కట్టియుంచునది సంయోజక కణజాలము. ఇందు కణములు తక్కువ. వాని నడుమ నుండు పదార్థ మెక్కువ. ఆ పదార్థములో కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు జనుపనారవలె గట్టిగా నుండును. ఈ జాతి పోగులు వరుసగా పేనబడినచో త్రాడగును. నీరు పట్టిన జిగురు పదార్థములో అల్లుకొన్నచో మెత్తయగును. సున్నపు లవణములు చేరినచో ఎముకయగును.

ఎముకను ఎముకకు కట్టు త్రాటికి సంధిబంధనమని పేరు. కండరమును ఎముకకు కట్టునది స్నాయుబంధనము. మడమ వెనుక చేతికి తగులు గట్టి త్రాడు ఇట్టిదే. మెత్తవలె ఎముకల కొనలను కప్పియుండునది మృదులాస్థి.

కీళ్ల రకములు

పెద్దవారి పుఱ్ఱె ఎముకల కీళ్లు కదలవు. వెన్నుపూసల నడుమ మెత్తలుండుటచే అవి కొంచెముగా కదలును. భుజము, తుంటి బంతిగిన్నె కీళ్లు. ఇవి అన్ని వైపులకు తిరుగును. మోచేయి, మోకాలు మడతబందు కీళ్లు. ఇవి తలుపువలె ముఖ్యముగా ఒక దిక్కునకే ఆడును. మోకాలిని మెలిత్రిప్పినపుడు లోని బంధనములు తెగుటకు ఇదియే కారణము.

మోకాలిలో ఎముకల కొనలకు నున్నని మృదులాస్థి తొడుగు, వాని నడుమ నెలవంక యాకారముగల రెండు మెత్తలు, చుట్టును ఒక సంచి యుండును. ఆ సంచి లోపలి పొర జిగురు ద్రవమును స్రవించును. ఇరుసునకు కందెన మనము వేయవలయును. కీలు తన కందెనను తానే చేసికొనును. ఆరోగ్యముగల మోకాలిలో ఈ ద్రవము చిన్న చెంచాడైనను ఉండదు.

కదలికయే ఆహారము

మృదులాస్థిలో రక్తనాళములు లేవు, నాడులును లేవు. బరువు పడినపుడు అందలి ద్రవము వెలికి వచ్చును. బరువు తీసినపుడు పోషక పదార్థములతో గూడిన ద్రవము మరల లోనికి ఇంకును. తడిగుడ్డను పిండి, మరల నీట ముంచినట్లే ఇది జరుగును. కావున కదలని కీలు పస్తుండును. రక్తము లేనందున అందు తగిలిన గాయము మానుట అరుదు. నాడులు లేనందున అరుగుదల మొదలైనప్పుడు నొప్పి తెలియదు. తెలియునప్పటికి చాల నష్టము జరిగియుండును.

చదును నేలపై నడచునపుడే మోకాలిపై దేహభారమునకు రెండు మూడింతల ఒత్తిడి పడును. 60 కిలోల మనుష్యుడు 75 కిలోల ధాన్యపు బస్తాతో మెట్లెక్కునపుడు ఆ కీలెంత భరించునో ఊహింపుడు. బరువెత్తునపుడు నడుము వంచక, మోకాళ్లు వంచి, బరువును దేహమునకు దగ్గరగా పట్టి లేవవలయును. బరువుతో నడుమును మెలిత్రిప్పరాదు. నాట్లలోను కలుపుతీతలోను నడుమ నడుమ లేచి నిలువవలయును. కీలు బెణికినచో వెంటనే లాగుట, గట్టిగా తోముట హానికరము. చల్లని తడిగుడ్డ వేసి, కట్టు కట్టి, కాలిని ఎత్తుగా నుంచవలయును. బాధ తగ్గిన కొలది మెల్లగా కదలింపవలయును. కీలు ఎఱ్ఱబారి వేడెక్కి జ్వరము వచ్చినను, కాలు మోపలేకున్నను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలయును.

త్రాళ్లు ఎముకలైనపుడు

మన ప్రాంతములో కీళ్లకు పట్టిన మరియొక పీడ నీటిలోని ఫ్లోరైడు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి కలదని వైద్యులు 1937లో ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా దీనిచే మిక్కిలి బాధపడెను. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదు. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు మాత్రమే అంగీకరింతురు. అంతకు చాల మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో సంధిబంధనములందు సున్నపు లవణములు చేరి, త్రాడుగా నుండవలసినది ఎముకవలె బిగియును. మెడ వంగదు, వెన్ను తిరుగదు. పశువులకును ఈ బాధ కలుగును.

మొదట ఇది సాధారణమైన కీళ్లవాతమువలె తోచుటచే జనులు నూనెలు రాచుకొనుచు అదే నీరు త్రాగుచుందురు. పిల్లల పండ్లపై గోధుమవన్నె మచ్చలు ముందుగా కానవచ్చు గుర్తు. కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది దాని పాలు హెచ్చును. పటికయు సున్నమును తగుపాళ్లలో కలిపి దీనిని తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. బిగిసిన బంధనములను మరల మెత్తజేయు మందు మాత్రము లేదు.

సంఘము చేయదగినది

నడుము వంచు తీరును ఎవరికి వారే దిద్దుకొనవచ్చును. బావినీటి పరీక్షయు, మంచినీటి యేర్పాటును ఒక్కరివలన కానివి. సభ్యులు తమ గ్రామములోని త్రాగునీటి బావులను, బోరులను పరీక్ష చేయింపుమని సంఘ సమావేశమున తీర్మానింపవలయును. గిడ్డంగియొద్ద బస్తాలు మోయుటకు తోపుడుబండి నేర్పరచుటయు సంఘమునకు పెద్ద వ్యయము కాదు. చెడిన కీలును బాగుచేయుటకంటె చెడకుండ కాచుటయే సులభము.